మార్కాపురం పలకలు – గడువు లేని వాగ్దానం

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబరు 11న చేరింది. చేరుతూనే ఒక ప్రకటనను జతపరచింది. బాలలను ఆర్థిక దోపిడీ నుండి, ప్రమాదకరమైన పనుల నుండి కాపాడవలెననీ, పనికి కనీస వయస్సు నిర్ణయించవలెననీ ఒడంబడికలోని 32వ అధికరణం విధిస్తున్నది. ప్రతి పనికీ కనీస వయస్సును వెంటనే నిర్ణయించడం ఆచరణ సాధ్యం కాదనీ, ఆ అధికరణాన్ని క్రమక్రమంగా అమలుపరుస్తామనీ మన ప్రభుత్వం చెప్పుకొన్నది. పేరుకు అది ప్రకటనే. పనిలో మాత్రం షరతు.

ఈ 'క్రమక్రమంగా' అన్న మాటకు మొదలూ లేదు, తుదీ లేదు. దాని బరువు తెలియడానికి జెనీవా దాకా పోనక్కరలేదు, మార్కాపురం చూస్తే చాలు. 1970లో కర్నూలు నుండి విడదీసి గిద్దలూరుతో పాటు నేటి ప్రకాశంలో కలిపిన ఈ కరవు సీమలో పలకరాయి ఎందరికో కూడుపెట్టింది. దేశంలో బడిపిల్లలు అక్షరాలు దిద్దిన పలకలెన్నో ఇచటివే. ఆ పలకలను తయారుచేసిన చేతులలో బడి ముఖం చూడని పిల్లల చేతులూ ఉన్నాయి. రాయిని కోసినపుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏండ్ల తరబడి దానిని పీల్చిన ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఆ రోగాన్ని నయంచేసే మందు లేదు.

ప్రభుత్వానికి ఇది తెలియదా అంటే, తెలుసు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం శివకాశి అగ్గిపెట్టెల పరిశ్రమ, ఫిరోజాబాదు గాజు పరిశ్రమల సరసన మార్కాపురం పలకల పరిశ్రమను చేర్చింది. అనగా 'ఆచరణ సాధ్యం కాదు' అని ఐక్యరాజ్యసమితికి వ్రాసిననాటికి, పిల్లలు ఏ ఊరిలో ఏ పనిలో ఉన్నారన్న వివరం అయిదేండ్లుగా ప్రభుత్వ కాగితాలలోనే ఉన్నది! 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ముందుగా చర్య తీసుకోవలసిన తొమ్మిది పరిశ్రమలలో దీనిని పేర్కొన్నది. చట్టవిరుద్ధంగా పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు చెల్లించవలెనన్నది.

బీదదేశం చేయలేనిదానికి మాట ఇవ్వరాదన్న వాదన కొట్టివేయదగినది కాదు. కరవు ఏడాదిలో పిల్లవాని కూలి ఆగితే ఆ ఇంట పొయ్యి వెలగదు. అయితే అది గడువు కోరే వాదనే గాని, గడువే లేకుండా చేసే వాదన కాదు. అరువు బేరంలో అజల్, అనగా చెల్లింపు గడువు, ఇరుపక్షాలకు స్పష్టంగా తెలిసి ఉండవలెనని ఫిఖ్‌హ్ పండితులు పట్టుపట్టారు. గడువు తెలియని బాకీ తగవుకు దారితీస్తుందని వారి భయం. ఒడంబడిక కూడా తన ఆశయానికి విరుద్ధమైన షరతులను 51వ అధికరణంలో నిషేధించింది. బాలల హక్కుల కమిటీ 2000లోనూ, 2004లోనూ, మరల 2014లోనూ ఆ ప్రకటన విషయమై భారత్‌ను అడగవలసి వచ్చింది.

2017 జూన్ 13న అంతర్జాతీయ కార్మిక సంస్థ 138, 182 ఒప్పందాలను భారత్ ధ్రువీకరించింది. 138వది 1973 నాటిది. ముందు చట్టాన్ని సవరించి, తరువాతనే ధ్రువీకరించడం మెచ్చదగిన పద్ధతి. కాని 2016 సవరణలో ఏమున్నది? పదునాలుగేండ్ల లోపువారికి పనిని నిషేధిస్తూనే, బడి వేళల తరువాత, సెలవులలో కుటుంబ వ్యాపారానికి సాయపడవచ్చునన్నది. ప్రమాదకరమైన పనులకు ఈ మినహాయింపు లేదు, నిజమే. అయితే 14 ఏండ్లను కనీస వయస్సుగా ఎంచుకొన్న దేశంలో తేలిక పనికి సైతం 12 ఏండ్లు నిండవలెనని 138వ ఒప్పందం అంటుంది. మన చట్టంలో ఆ క్రింది హద్దే కానరాదు. వసారాలో తండ్రి ప్రక్కన కూర్చుని పలకకు చట్రం బిగించే ఎనిమిదేండ్ల పిల్ల సాయపడుతున్నదా, పనిచేస్తున్నదా? తనిఖీ అధికారి ఏ కొలబద్దతో తేల్చగలడు?

బాలల తరఫున కమిటీకి నేరుగా ఫిర్యాదు చేసుకొనే మార్గాన్ని ఐక్యరాజ్యసమితి 2011లో ఒక ప్రత్యేక ప్రోటోకాల్ ద్వారా తెరచింది. భారత్ అందులో చేరలేదు. కనుక మార్కాపురపు తల్లి ఎవరైనా అర్జీ వ్రాసి పంపినా, ఆ కమిటీ దానిని విచారణకు తీసుకొనజాలదు.