పెంకు కనబడితే చెయ్యి ఆగాలి

ఇంగ్లండ్ ఉత్తరాన, హేడ్రియన్ గోడకు కాస్త దక్షిణంగా విండొలాండా అనే రోమన్ కోట ఉంది. ఏటా వేసవిలో అక్కడి తవ్వకాల్లో ఓ చెయ్యేయడానికి వలంటీర్లు వస్తారు. వాళ్లతోపాటు నేనూ మట్టి గీకాను.

అవును, గీకడమే. తవ్వకమంటే గడ్డపార గుర్తొస్తుంది గానీ, రోజంతా చేతిలో ఉండేది చిన్న తాపీ. మోకాళ్ల కింద మెత్త వేసుకుని, వెనక్కి జరుగుతూ, పొరను పలచగా తీస్తూ పోవాలి. లేతరంగు బంకమట్టిలో నల్లటి గుండ్రని మచ్చ తేలిందంటే అక్కడొకప్పుడు గుంజ పాతారన్నమాట. గుంజ పోయినా గుంత జాడ పోలేదు.

ఇంతలో ఎర్రగా, నున్నగా ఓ పెంకు అంచు మెరుస్తుంది. ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం నుంచి రోమన్లు తెప్పించుకున్న సేమియన్ గిన్నె ముక్క. పట్టి లాగెయ్యమని వేళ్లు ఒకటే తొందరపెడతాయి. లాగకూడదు. చుట్టూ మట్టి తీసి, ఏ పొరలో, దేని పక్కన ఉందో రాసుకున్నాకే పైకి తీయాలి. క్రీ.శ. 85 ప్రాంతం నుంచి ఇక్కడ ఒకదానిమీద ఒకటిగా తొమ్మిది కోటలు లేచాయి. పెంకు ఏ కోటవాళ్లదో చెప్పాల్సింది దాని చుట్టూ ఉన్న మట్టే. చోటు తెలియని పెంకు సంతలో కొనుక్కొచ్చినదానితో సమానం.

తొలి కోటలు కట్టెతో కట్టినవి. పాతదాన్ని కూల్చి, బంకమట్టి, గడ్డిపెళ్లలు పరిచి, పైన కొత్తది లేపేవారు. గాలి చొరని ఆ తడి పొరల్లో తోలూ చెక్కా కుళ్లలేదు. అలా 5,000కు పైగా పాదరక్షలు బయటపడ్డాయి. 1973లో పురావస్తు శాస్త్రవేత్త రాబిన్ బర్లీ బృందానికి పలచని చెక్కరేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరకడం మొదలైంది. వాటిలో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతానిది. క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకు రమ్మని స్నేహితురాలు సుల్పీసియా లెపిడీనాను పిలుస్తూ పంపినది. ఇంకో రేకులో మిరియాలకు 2 దెనారీలన్న (రోమన్ నాణేలు) పద్దు ఉంది. రోమన్లకు మిరియాలు వెళ్లింది మన మలబారు తీరం నుంచే. ఎవరూ దాచిపెట్టినవి కావివి, పనైపోయాక పారేసినవి. వాటిని ఇన్నాళ్లు కాపాడిన మట్టిని మనం ఒక్కసారే తీయగలం, మళ్లీ పేర్చలేం. చెయ్యి ఆగాలనేది అందుకే.

అటు వెళ్లాలనుకునే మన పిల్లలకు ఒక మాట. నిధి మీద ఆశతో వెళ్లకండి. రాళ్లూ మట్టీ ఎత్తి తోపుడుబండిలో పోయడంతోనే చాలా పూటలు గడుస్తాయి. దొరికినవన్నీ మ్యూజియానికే. మట్టి రంగు మారిన చోట తాపీ దానంతటదే ఆగడం అలవాటైతే మాత్రం ఆ కూలి గిట్టినట్టే.