తొడ బలము

కొబ్బరి దింపువాని తొడను ఎన్నడైన పరికించితిరా? మా మలికిపురము చుట్టుపట్ల, వసిష్ఠా వైనతేయముల నడుమనున్న యీ సీమలో, చెట్టెక్కు మనిషి మ్రానుపై పాదము లదిమి మోకాళ్ళు చాచినప్పుడెల్ల, చిప్పకు కొంచెము పైన, లోవైపున, గుండ్రని కండ యొకటి ఉబికి బిగియుచుండును. నాబోటి వ్రాతబల్లకు అంటుకొనిపోయినవానికి అది యున్నదో లేదో వ్రేలితో నొక్కి చూచుకొనవలసినదే. మోకాలి మార్పిడి యైన పిదప ఫిజియోథెరపీ చేయించు అమ్మాయి మొట్టమొదట వ్రేలుంచి చూపినది దానినే. "ఇది పలకట్లేదండి మాస్టారూ. మోకాలి కింద తువ్వాలుండ పెట్టాను కదా, దాన్ని గట్టిగా అదమండి. చిప్ప పైకి కదలాలి," అన్నది. నేను అదిమితిననుకొంటిని; చిప్ప మాత్రము కదలలేదు.

తొడ ముందుభాగమున నాలుగు కండరములు ఏకమై, ఒక్క స్నాయువుగా చిప్పను తమలో నిముడ్చుకొని, క్రింది కాలియెముకకు తగుల్కొనియున్నవి. నిలిచినపుడు కాలిని మడత పడనీయక ఆపునవియు, మెట్టు దిగునపుడు దేహభారమును పట్టి పట్టి మెల్లగా దింపునవియు అవియే. శస్త్రవైద్యుడు అరిగిన యెముక కొనలను చెక్కి, వానికి లోహపు తొడుగులు తొడిగి, నడుమ ప్లాస్టిక్కు పలక నమర్చి, ఇరుప్రక్కల బంధనముల బిగువు సరిచూచును గాని, కీలు లోపలి ముందరి బంధనమును సాధారణముగా తీసివేయును; కొన్ని పద్ధతులలో వెనుకదానిని కూడ. ఆ లోటును తొడుగుల ఆకృతి కొంత పూరించును; తక్కినది కండ పూరింపవలెను. ఇరుసు కొత్తదైనను బండిని లాగుటకు ఎద్దు కావలెను గదా!

విచిత్రమేమనగా, ఆ ఎద్దు సరిగా ఆ సమయముననే చతికిలబడును. ఆపరేషనైన నెలనాటికి తొడ బలము అంతకు ముందున్నదానిలో సగమునకు దిగువకు పోవుట పరిపాటియని కొలిచి చూచినవారు చెప్పిరి. కండ కరగుట యొక్కటే ఇందుకు కారణము కాదు. కీలు వాచినపుడు అందలి నాడులు వెన్నుపామునకు పంపు సంకేతముల వలన, కండకు రావలసిన ఆజ్ఞయే త్రోవలో సన్నగిల్లును. మనము ఎంత పట్టుదలతో బిగింపబోయినను కొంత కండ మేలుకొనదు. నిక్షేపమువంటి మోకాలిలోనికి 20, 30 మిల్లీలీటర్ల ద్రవము నెక్కించినంత మాత్రముననే, ఇంతకు ముందు చెప్పిన ఆ లోవైపు కండ వెనుకాడునని 1984 నాటి ప్రయోగమొకటి తేల్చినది. సుశ్రుతుడు మోకాలికి మూడంగుళములు పైన, ఇరువైపుల, 'ఆణి' యను మర్మమును పేర్కొని, అచ్చట దెబ్బ తగిలినచో వాపు పెరిగి తొడ స్తంభించుననెను. పూర్వులకు సర్వమును తెలియునని చాటుట నా స్వభావము కాదు. అయినను వాపును తొడను ఒక్కచోట ముడివేసిన ఆ చూపునకు నమస్కరింపకుండ ఉండలేను.

2000లో ఎడమ మోకాలిని, మరుసటి యేడు కుడిదానిని ముంబయి బ్రీచ్ క్యాండీ ఆసుపత్రిలో మార్పించుకొన్న నాటి ప్రధాని వాజపేయిగారి వలన ఈ చికిత్స ఇంటింటి ముచ్చటయైనది. ఆ శస్త్రచికిత్స చేసిన డాక్టరు రణావత్, 1970ల దశకమున న్యూయార్కులో ఇన్సాల్ మొదలైనవారితో కలిసి, నేటి కృత్రిమ మోకాళ్ళకు మాతృకయైన నమూనాను తీర్చినవారిలో నొకడు. 2017లో కేంద్రప్రభుత్వము సామాన్యముగా వాడు తొడుగుల ధరను 54,720 రూపాయలకు పరిమితము చేసిన నాటినుండి చర్చ యంతయు ధరపైననే. "చిప్పలు మార్పించుకున్నారంట, ఎంతయ్యిందండీ?" అని అడుగనివారు లేరు, తొడ ఎట్లున్నదని అడిగినవారును లేరు.

నిజమునకు మనము తొడను పోగొట్టుకొనుట ఆపరేషనుకు ఎంతో ముందే ఆరంభమగును. నొప్పికి జడిసి మెట్లు మానుదుము, కాలువరేవునకు పోవుట మానుదుము, ప్రక్కకు ఒరిగి మంచికాలిపై బరువు మోపి నడచుట మరగుదుము. ఆపైన ఇంటివారి ప్రేమ యొకటి. మా కోనసీమ మర్యాదకు ఎల్ల లేదు. కంచము మంచమువద్దకే వచ్చును, మంచినీళ్ళు చేతికే వచ్చును. "ఈ కాలు ఒదిలేస్తందండి బాబూ," అని వాపోవు పెద్దలు పలువురను నేనెరుగుదును. బంధనము వదులైనను, అమరిక తప్పినను అట్లు కావచ్చును గనుక వైద్యునికి చూపితీరవలెను, కాని పలుమారులు దోషము తొడదే.

నాకు విధించిన సాధనలో ఘనమైన దేదియు లేదు. తువ్వాలుండ నదుముట, కాలు చాచి లేపుట, చేతులానించక కుర్చీనుండి లేచుట. కష్టమైనది దిగుట. కర్ర పట్టిన రోజులలో ఎక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు కొత్తకాలు ముందు. ఇప్పుడో, పొట్టి పీటపై కొత్తకాలిమీదనే నిలిచి, రెండవ మడమను నేలకు నిదానముగా, టక్కున పడనీయక, ఆనింపవలెను. ఆ జాగులో తొడ గజగజ వణకును. ఆ వణకు మంచిదేనందురు.

మా ఇంటిలో ఇప్పుడు నా నీళ్ళగ్లాసును నేనే తెచ్చుకొనుట నియమము. మొన్న వచ్చిన మేనత్త అది చూచి, "ఆపరేషనైన మనిషి చేత మంచినీళ్ళు తెప్పించుకుంటున్నావటే!" యని మా ఇల్లాలిపై గయ్యిమన్నది. ఆమెకును నీళ్ళు నేనే తెచ్చి ఇచ్చితిని.