షోకేసులో గరిటె

పుస్తకాలకి రివ్యూలు రాస్తాం, సినిమాలకి రాస్తాం. రోజూ చేత్తో పట్టుకునే వస్తువుల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అందుకే ఉదయగిరి చెక్క చెంచా గురించి నాలుగు మాటలు.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా పడమటికి పోతే, మెట్ట పొలాలు దాటాక, దుర్గం కొండ కింద ఉంటుంది ఉదయగిరి. అక్కడి అడవుల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. చాలావరకు ఇళ్ళల్లో జరిగే పని. జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

వీటి మీద వచ్చే వ్యాసాలతోనే నా పేచీ. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి కోట గెలవడంతో మొదలవుతాయి, "అంతరించిపోతున్న కళ" అనే నిట్టూర్పుతో ముగుస్తాయి. మధ్యలో చెంచా కనబడదు. కవి వంశవృక్షం చెప్పి పద్యం చదవకుండా లేచిపోయినట్టు ఉంటుంది.

సరే, చెంచానే చదువుదాం. పువ్వులూ తీగలూ అన్నీ కాడ మీదే. పెదవి తగిలే చోట ఒక్క గీత ఉండదు, నున్నగా వదిలేస్తారు. నగిషీ ఎక్కడ ఆగాలో చెక్కే మనిషికి తెలుసు. మన కవుల్లో చాలామందికి ఇంకా పట్టుబడని విద్య ఇది.

లోపాలూ ఉన్నాయి. కొన్నిట్లో కాడని ఎంత సన్నగా తొలిచేస్తారంటే గట్టిగా కలిపితే విరుగుతుందేమోనని భయం. ఫోర్కు నాకు నచ్చలేదు. చెక్క పళ్ళు విరక్కూడదంటే లావుగా ఉండాలి, లావైతే ముక్కలో గుచ్చుకోవు. ఈ తప్పు చెక్కేవాళ్ళది అనను. గోడకి తగిలించుకునే వాళ్ళం అడిగి చేయించుకున్నది.

పేరు కూడా మనకి తగ్గట్టే ఉంది. జీఐ పత్రాల్లో ఇది 'ఉడెన్ కట్లరీ'. కట్లరీ అన్న మాట పుట్టిందే కత్తి నుంచి. సంగటి కెలికే తెడ్డు, పులుసు కలిపే గరిటె తెలిసిన సీమలో ఆ మాటలే పేరులో లేకుండా పోయాయి.

తమాషా ఏమిటంటే, చెక్క గరిటె అవసరం ఇప్పుడు సిటీ వంటింటికే ఎక్కువ. నాన్‌స్టిక్ పెనం మీద స్టీలు గరిటె పెడితే గీతలు పడతాయి. చెక్కయితే గీతలు పడవు, చెయ్యీ కాలదు. 'గరిటె ఉండగా చెయ్యి కాల్చుకోవడం ఎందుకు' అని సామెత. మనం ఆన్‌లైన్‌లో ఊరూ పేరూ లేని గరిటె కొని పొయ్యి దగ్గర వాడుతున్నాం, ఉదయగిరిది షోకేసులో పెడుతున్నాం. మొదటిది అవసరమట, రెండోది ఆర్టట.

చేతికళని కాపాడాలనే వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, దాన్ని వాడండి. సింకులో నానబెట్టకుండా కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టండి. అప్పుడప్పుడు కాస్త నూనె రాయండి. ఎన్ని చేసినా కొన్నేళ్ళకి అరుగుతుంది. అరిగితే ఇంకోటి కొంటారు. షోకేసులోది అరగదు కాబట్టి, దాన్ని చెక్కిన మనిషికి రెండో బేరం ఉండదు.