ర్యామ్ పూర్తి వేగం: అమర్చే పద్ధతి, దాని విలువ

ప్రాసెసర్‌కు అప్పటికప్పుడు కావలసిన సమాచారాన్ని నిలిపి ఉంచే ర్యామ్, తన మీద 3600 అని ముద్రించి ఉన్నప్పటికీ, కొత్తగా బిగించిన నాడు సాధారణంగా 2133 లేదా 2666 వేగంతోనే నడుస్తుంది. నెల్లూరు అంగళ్లలో విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకునే కొడవలూరు వంటి ఊళ్ల విద్యార్థులు, తాము డబ్బు చెల్లించిన వేగాన్ని పూర్తిగా పొందాలంటే ఈ తేడాకు కారణమూ, దాన్ని సరిదిద్దే పద్ధతీ తెలుసుకోవాలి.

ఈ తేడాకు మూలం ముందుజాగ్రత్త. మెమరీ ప్రమాణాలను నిర్ణయించే జెడెక్ సంస్థ, ఏ కంపెనీ ర్యామ్ అయినా తగిన మదర్‌బోర్డులన్నింటిలో పనిచేసేలా వేగాలను, వోల్టేజీని నిర్దేశించింది. డీడీఆర్4 రకానికి అది 1.2 వోల్టులు. ప్రతి ర్యామ్ స్టిక్కు మీదా ఉండే ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌లోని ఈ వివరాలను మదర్‌బోర్డు చదివి, నిరపాయమైన వేగాన్ని ఎంచుకుంటుంది. తయారీదారు పరీక్షించి ప్రకటించిన అధిక వేగం అదే చిప్‌లో వేరొక ప్రొఫైల్‌గా ఉంటుంది. ఇంటెల్ 2007లో తెచ్చిన ఈ ఏర్పాటు పేరు ఎక్స్‌ఎంపీ కాగా, ఏఎండీ 2022లో డీడీఆర్5 కోసం తెచ్చినది ఎక్స్‌పో.

ముద్రించిన అంకె సెకనుకు జరిగే బదిలీలను మిలియన్లలో తెలుపుతుంది. గడియారపు ఒక్కో ఆవృత్తిలో రెండు బదిలీలు జరుగుతాయి కాబట్టి 3600 ర్యామ్‌ను కొన్ని సాఫ్ట్‌వేర్లు 1800 మెగాహెర్ట్జ్‌గా చూపుతాయి. ఒక్కో బదిలీలో 8 బైట్లు కదులుతాయి గనుక చానల్ అనే ఒక్కో సమాచార దారిలో సెకనుకు 2133 దగ్గర సుమారు 17 గిగాబైట్లు, 3600 దగ్గర 28.8 గిగాబైట్లు అందగలవు. సమాచారం అందడానికి ఎన్ని ఆవృత్తులు ఆగాలో సీఎల్ అంకె చెబుతుంది. సీఎల్15తో 2133 ర్యామ్‌కు 14 నానోసెకన్లు పడితే, సీఎల్18తో 3600 ర్యామ్‌కు 10 చాలు.

అమర్చేటప్పుడు రెండు స్టిక్కులనూ ఒకే ప్యాకెట్లోవి తీసుకొని, నాలుగు స్లాట్లు ఉన్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండోదానిలో, నాలుగోదానిలో పెడితే రెండు చానళ్లూ పనిచేస్తాయి. తరువాత కంప్యూటర్ ఆన్ అవుతుండగా డెలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్ అనే అమరికల తెరలోకి వెళ్లి, ప్రొఫైల్‌ను ఎంచుకొని సేవ్ చేస్తే వేగం, ఆలస్యం, వోల్టేజీ మూడూ కలిసి మారతాయి. డీడీఆర్4లో వోల్టేజీ తరచు 1.35కు పెరుగుతుంది. డీడీఆర్5 అయితే మెమరీని సరిచూసుకునేందుకు తొలిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు, అప్పుడు కరెంటు తీయకూడదు. అసలే ఆన్ కాకపోతే బయోస్ అమరికలను చెరిపివేసే సీమాస్ రీసెట్‌తో పాత స్థితికి రావచ్చు. కొన్ని చౌక బోర్డుల్లో, చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రొఫైల్‌ను ఎంచుకునే సదుపాయం ఉండదు.

ప్రొఫైల్ పెట్టడంతో పని ముగియదు. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ వేగాన్ని మోయలేకపోతే, దోషాలను సరిదిద్దే ఏర్పాటు లేని సాధారణ ర్యామ్ ఏ హెచ్చరికా ఇవ్వకుండానే ఫైళ్లను పాడుచేయగలదు. అందుకే మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను రాత్రంతా నడపాలి. చలికాలంలో నెగ్గిన అమరిక రోహిణీ కార్తె ఎండలకు గది వేడెక్కినప్పుడు తడబడవచ్చు కాబట్టి వేసవిలో మరోసారి పరీక్షించడం మేలు.

ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో ఆటలకు ఈ మార్పు బాగా ఉపకరిస్తుంది, టైపింగ్‌కూ బ్రౌజింగ్‌కూ తేడా తెలియదు. పరీక్షలో ఒక్క దోషం కనిపించినా ఒక మెట్టు దిగి 3400కో 3200కో తగ్గించుకోవాలి. తప్పులేకుండా నిలిచే వేగమే వాడదగిన వేగం.