రచయితను ఏమని అడుగవలెను?

గత శీతాకాలంలో మన ఆలయ గ్రంథాలయపు గదిలో ఒక రచయిత్రితో ముఖాముఖి జరిగినది. ఆమె కూతురింటికి వచ్చి కొన్నాళ్ళు ఇక్కడ ఉన్నారు. ప్రశ్నలు సిద్ధపరచే పని సాయంకాలపు తరగతివారమైన మాకు అప్పగించినారు. మీకు ప్రేరణ ఎవరు, ఎప్పటి నుండి రాస్తున్నారు, నేటి యువతకు మీ సందేశమేమి: ఈ మూడింటినీ కాగితం చూసి అడిగినాము. ఆమె ఓర్పుతో మూడింటికీ బదులు చెప్పినారు. ఆ బదులు ఏ రచయిత చెప్పినా అలాగే ఉండును. ఒప్పుకొనవలసిన సంగతి ఒకటున్నది. ఆమె కథల సంపుటిని మాలో ఒక్కరమూ చదివి రాలేదు.

చివరకు వెనుక వరుసలో నుండి పదమూడేళ్ళ పిల్ల లేచి, "మీ కథలో అమ్మమ్మ బావిలో చేద వదిలేస్తుంది కదండీ, మళ్ళీ ఎందుకు తీయలేదు?" అని తడబడుతూ అడిగినది. రచయిత్రి కుర్చీలో ముందుకు జరిగినారు. మొదటి చిత్తుప్రతిలో చేద పైకి వచ్చిందనీ, అచ్చుకు పంపే ముందు ఆ పేరా కొట్టివేసినాననీ, ఆ తరువాత చాలా కాలం అది సరియో కాదో తేల్చుకోలేకపోయినాననీ చెప్పినారు. సభ ముగిసే వేళ దాటినా ఎవరూ లేవలేదు.

నలభై ఏళ్ళకు దగ్గరగా బడిలో పిల్లలను ప్రశ్నలు అడిగి బ్రతికినవారము మేము. ప్రశ్న వేయడం చేతకాలేదని అరవై దాటిన తరువాత, అదీ ఒక బాలిక వలన తెలుసుకొనుట కొంచెం చిన్నతనమే. అందుచేత ఈ విద్య పూర్వం ఎవరికి బాగా వచ్చెనో చూడదలచినాము.

ఇంగ్లీషువారిలో వెదకడం తేలిక. 1953లో మొదలైన పారిస్ రివ్యూ పత్రిక తొలి సంచికలోనే ఇ. ఎం. ఫార్‌స్టర్‌తో సంభాషణ ప్రకటించినది. రచయిత తన మాటలను అచ్చుకు ముందు చూసి సవరించుకొనవచ్చునని వారి పద్ధతి. 1958లో అదే పత్రికకై జార్జ్ ప్లింప్టన్ ఎర్నెస్ట్ హెమింగ్వేను ప్రశ్నించినారు. ఒక నవల చివరి పుటను ముప్పది తొమ్మిది సార్లు తిరిగి రాసినానని హెమింగ్వే అన్నది అక్కడే. ఆయన చాలా చోట్ల విసుగు చూపినారు, కొన్ని ప్రశ్నలను తోసివేసినారు. ఆ విసుగును కూడా తీసివేయక అచ్చువేయడం మాకు నచ్చినది. మన సభల నివేదికలలో రచయితలు ఎన్నడూ విసుగుకొనరు.

తెలుగులో వెదకితే దొరికినది మరింత పాతది. మన కావ్యాలకు ముందుండే అవతారికను మేము ఇన్నాళ్ళూ దాటవేయదగిన భాగముగా భావించినాము. మా తరగతిలో కూడ "కథ ఎక్కడ మొదలవుతుంది?" అని పుటలు తిప్పుకుంటూ పోయేవారము. నిదానంగా చదివితే అది రచయితకూ, అడిగేవానికీ నడుమ జరిగిన సంభాషణయే. పదునొకండవ శతాబ్దంలో రాజమహేంద్రవరాన రాజరాజనరేంద్రుడు నన్నయతో తనకు ప్రియమైన గ్రంథమేదో చెప్పుకొన్నాడు. ఎన్ని పురాణాలు విన్నా మనస్సు భారతం మీదికే పోవుచున్నదనీ, పాండవులు తన వంశమువారనీ కారణం కూడా చెప్పినాడు. నన్నయ వెంటనే తలయూపలేదు. ఆకాశంలో చుక్కలు లెక్కించినట్టి పని అని జంకినాడు. తరువాత పని ఎలా సాగినదో చెప్పుచు, తోడ్పడిన మిత్రుడు నారాయణభట్టు పేరును దాచక చెప్పినాడు. తన రచనలో ఏ గుణాల కొరకు పెద్దలు మెచ్చుకొందురో కూడ తానే వివరించినాడు. అక్షరరమ్యత అను మాట మనకు అక్కడి నుండి వచ్చినదే.

పోతన అవతారికలో అడిగినవాడు శ్రీరాముడు. దానిని గూర్చి మన పత్రికలో పలుమార్లు వచ్చినది కనుక ఇక్కడ విస్తరింపము.

మాకు అన్నిటికంటె మిన్నగా తోచినది ఆముక్తమాల్యద. కళింగ దండయాత్రకు పోవుచు శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో ఆగి, కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసమున్న రాత్రి కలలో ఆంధ్రవిష్ణువు కనిపించినాడు. ఆయన ప్రేరణ ఎవరని అడుగలేదు. మదాలస చరిత్ర, సత్యావధూప్రీణనం, సకలకథాసారసంగ్రహం, జ్ఞానచింతామణి, రసమంజరి అని రాయలు సంస్కృతంలో చేసిన రచనలను ఒక్కొక్కటిగా పేర్కొన్నాడు. అటు తరువాత, అంతటివానికి తెలుగున కావ్యం చేయడం అసాధ్యమా అని అడిగినాడు. ముందుగా చదివి వచ్చినవాని ప్రశ్న అది! మా మూడు ప్రశ్నల కాగితం జ్ఞాపకం వచ్చి కొంత సిగ్గుపడినాము.

ఇక్కడే మరొక సంగతి. మన దేశభాషలలో తెలుగే మేలైనదని చెప్పే వాక్యాన్ని ప్రతి ఉత్సవంలోను తోరణంగా కట్టి, క్రింద రాయలవారి పేరు వేయుచున్నాము. మన ఆలయంలోనూ అంతే. కావ్యంలో ఆ మాట పలికినది రాయలు కాదు, కలలో కనిపించిన దేవుడు. తెలుగులోనే ఎందుకు అన్న సంశయానికి బదులుగా పలికినాడు. పైగా ఆ మాట అంతకు ముందే క్రీడాభిరామంలో ఉన్నది. అనగా రాయలు ఒక పాత పద్యాన్ని మనస్సులో పెట్టుకొన్న పాఠకుడు కూడా. ఇష్టమైన పుస్తకమేది అని ఆయనను అడుగనవసరం లేకుండ ఆ పద్యమే ఒక జవాబు చెప్పుచున్నది. సంభాషణ నుండి ఒక్క వాక్యం ఊడదీసి గోడకు తగిలించినందువలన అడిగినదెవరో, బదులెవరిదో మనకు పోయినది. మా పిల్లలకు అది గొప్ప చాటుకొనుటగా మాత్రమే వినిపించుచున్నది. కావ్యంలో అది జంకుచున్న రచయితకు ఇచ్చిన ధైర్యం.

అవతారికలన్నియు మేలైనవని మా అభిప్రాయం కాదు. కొన్నిటిలో కృతిభర్త వంశావళి ఎంతకూ తెగదు. నేటి సన్మానపత్రాలకు మూలం అక్కడే ఉన్నదేమో.

రాజసభ వెలుపల చాటుపద్యాలున్నవి. పెద్దన పేర వాడుకలో ఉన్న ఒక పద్యం రచనకు కావలసిన వసతుల పట్టిక: అలజడి లేని చోటు, తాంబూలం, మనసుకు నచ్చిన భోజనం, ఉయ్యాలమంచం, మంచి చెడ్డ తెలిసిన రసజ్ఞులు, చక్కగా వ్రాసేవారు, చదివేవారు. హెమింగ్వే నిలుచుండి రాసేవారని ప్లింప్టన్ వర్ణించినారు. మన కవికి ఉయ్యాల లేనిదే కుదరదు. నవ్వు మాట అటుండగా, ఆ పట్టికలో రసజ్ఞుడైన పాఠకుని కూడ చేర్చడం గమనింపదగినది. చదివేవాడు లేనిచోట రాసే గది ఎంత ప్రశాంతమైనా ఏమి?

ఈ దేశంలో ఈ విషయాన్ని పట్టించుకొన్నవారు వెల్చేరు నారాయణరావుగారు. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు తెలుగు బోధించిన ఆయన, డేవిడ్ షుల్మన్‌తో కలిసి 1998లో చాటువులపై ఒక ఇంగ్లీషు పుస్తకం ప్రకటించినారు. చాటుపద్యాలూ, వాటి చుట్టూ అల్లిన కవుల కథలూ కలిసి ఒక సమాజపు సాహిత్య విమర్శ అని అందులో వారి వాదం. కథలు చరిత్ర కాకపోవచ్చును. పాఠకులు తమ కవులతో చేయదలచిన సంభాషణలు అవి. ఈ మాట మాకు పూర్తిగా సమ్మతం. వారిద్దరే అనువదించిన మనుచరిత్ర 2015లో మూర్తి క్లాసికల్ లైబ్రరీలో వచ్చినది. ఒక పుటలో తెలుగు లిపి, ఎదుటి పుటలో ఇంగ్లీషు. తల్లిదండ్రులు ఒక వైపు, పిల్లలు మరొక వైపు పట్టుకొని చదువుటకు దానికంటె అనువైన పుస్తకం మేము చూడలేదు. దయచేసి అవతారికను దాటవేయకండి.

మాకు ఈ విషయమింత పట్టుదల ఎందుకో చెప్పవలెను. మా పూర్వులు కోరంగి రేవు వైపు నుండి మారిషస్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద పోయినవారు. ఆ వలస పత్రాలు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నవి. మా ముత్తాతను ప్రశ్నించిన గుమాస్తా పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు నింపుకొన్నాడు. ఆయన నోట ఎన్ని కథలుండెనో నింపుటకు గడి లేదు. గుమాస్తాను నిందించి లాభమేమి? రాత్రంతా రామభజనలో పాడి వచ్చిన మా నాయనమ్మను, ఆ పాటలలో ఏది ఇష్టమని మేమూ అడుగలేదు. బడికి వేళైనదని మాత్రం అడిగేవారము.

ఈ వ్యాసం రాయుచుండగా క్యూర్‌పిప్‌లో ఉన్న మేనత్తకు ఫోను చేసినాము. ఆమెకు తొంబది దాటినవి, మాటలాడేది క్రియోల్, పాడేది తెలుగు. "అత్తా, భజనలో నీకు ఏ పాట ఇష్టం?" అని అడిగినాము. కొంతసేపు ఏమీ వినిపించలేదు. తరువాత, అర్థం తెలియని పాటలు ఎన్ని ఉన్నాయో ముందు అడుగు, ఇష్టం సంగతి తరువాత చెప్తాను అన్నది. కాగితం, కలం తెచ్చుకొనేవరకు ఉండమన్నాము.