తేటనీరు చాలునా?

పాఠశాలలలో పెద్ద చేపలతొట్టికి వడపోత యంత్రమును కొనునప్పుడు గంటకెన్ని లీటర్లు తోడునో చూచి తృప్తిపడుచున్నారు. ఇది చాలదు. తేటనీటిలోనూ చేపలు చచ్చుచున్నవి గదా! అవి విసర్జించు అమోనియా కంటికి కనబడదు. దానిని నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చునవి సూక్ష్మజీవులు. చేవెళ్ళ, మొయినాబాదుల వాననీరు చేరు ఉస్మాన్‌సాగరులో (1920) వీటికి అడుగుమట్టి, నీటిమొక్కలు నెలవు. అద్దపుతొట్టిలో అంత చోటు లేదు. కనుక 500 లీటర్ల తొట్టికి స్పంజి, సన్నరంధ్రముల పింగాణీ ముక్కలు దండిగా పట్టు డబ్బాయే మేలు. స్పంజిని క్లోరిను కలిసిన కుళాయినీటితో తళతళలాడునట్లు కడిగిన ఆ జీవులు నశించును, తొట్టినీటితోనే జాడింపవలెను. కొత్తతొట్టిలో అవి కుదురుకొనుటకు నాలుగారు వారములు పట్టును. అంగడివారు ఈ మాట చెప్పుట అరుదు.