ధాన్యకటకం ఎక్కడ బతికింది?

తాను రాసిన వ్యాసం చూసిపెట్టమని మొన్న ఒక యం.ఏ. విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. ప్రవాసంలో ఉన్న టిబెటన్ల సంస్కృతిని పట్టణ నిర్మాణం ద్వారానూ పర్యాటకం ద్వారానూ కాపాడవచ్చునని అతని వాదం. కర్ణాటకలోని బైలకుప్పె చూసి వచ్చి రాశాడు. శైలి బాగుంది. కాని పది పేజీల్లోనూ కప్పుల వంపులు, గోడల రంగులు, ప్రార్థనా చక్రాలే తప్ప మనిషి కనిపించడు. సాహిత్యంలో రూపవాదమని మనం దేనిని ఇన్నేళ్లుగా ఖండిస్తూ వచ్చామో, అది ఇక్కడ ఇటుకా సున్నమై నిలబడింది.

రూపం అక్కర్లేదని నేననను. పరాయి నేల మీద తన ఊరి గుమ్మం లాంటి గుమ్మం కనిపించడం శరణార్థికి చిన్న ఊరట కాదు. స్వెటర్లో తివాచీలో అమ్ముకునేవాడికి యాత్రికుడే అన్నం పెడుతున్నాడు. అయితే ఏది ముందు, ఏది వెనక? 1960లో మైసూరు ప్రభుత్వం బైలకుప్పెలో ఇచ్చింది అడవి భూమి. చెట్లు కొట్టి, మొక్కజొన్న వేసి ఆ జనం నిలదొక్కుకున్నారు. టిబెటన్ పిల్లల బడుల కోసం భారత ప్రభుత్వం 1961లోనే ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. యాత్రికులు ఫొటోలు తీసుకునే నామ్‌డ్రోలింగ్ స్వర్ణాలయం 1999 నాటిది. పొలమూ బడీ వచ్చిన దాదాపు నలభై ఏళ్లకు గాని బంగారం రాలేదు. మన వ్యాసకర్త ఈ వరుసను పట్టించుకోలేదు. ఇవాళ అక్కడి యువతరం అమెరికాకూ కెనడాకూ తరలిపోతున్నది. బడుల్లో పిల్లలు తగ్గుతున్నారు. ఆలయం ముందు బస్సులు మాత్రం ఆగుతూనే ఉన్నాయి.

అతనికి మన గడ్డ సంగతి ఒకటి చెప్పాను. లాసా దగ్గర 1416లో వెలసిన డ్రెపుంగ్ మఠం పేరుకు ధాన్యపు రాశి అని అర్థం. అది మన ధాన్యకటకం పేరే. అమరావతి స్తూపం దగ్గర బుద్ధుడు కాలచక్రం బోధించాడని టిబెటన్ల నమ్మకం. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు గాని, ఆ నమ్మకమే పేరును మోసింది. 1959 తర్వాత ఆ మఠం భిక్షువులు బెంగాల్లోని బక్సా పాత నిర్బంధ శిబిరంలో చదువు సాగించి, చివరకు కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో మఠాన్ని మళ్లీ నిలబెట్టారు. గోడలు లాసాలో ఉండిపోయాయి. పాఠమూ, వాదించే పద్ధతీ వాళ్ల వెంట వచ్చాయి.

మరి మనమో? స్తూపం రాళ్లు కొన్ని ఊళ్లో కట్టడాలకు పోయాయి, కొన్ని మద్రాసుకూ లండనుకూ చేరాయి. ఒక శాతవాహన రాజుకు నాగార్జునుడు రాశాడని చెప్పే సుహృల్లేఖ సంస్కృత మూలం మన దగ్గర పోయింది. టిబెటన్, చైనా భాషల అనువాదాల్లో నిలిచింది. 2006లో దలైలామా అమరావతిలో కాలచక్రం జరిపారు. మనం 125 అడుగుల ధ్యాన బుద్ధుణ్ణి నిలబెట్టుకున్నాం. టిబెటన్ నేర్చి ఆ లేఖను నేరుగా తెలుగు చేయగలవాళ్లు మనలో ఎందరు?

ఈ ప్రశ్న నన్ను కూడా వదలదు. నా ఉద్యోగం మేడ్చల్‌లో, కాపురం శామీర్‌పేటలో. ఈ మధ్య శామీర్‌పేట వైపు ఒక రిసార్టులో బంధువుల పెళ్లికి వెళ్తే, ద్వారం దగ్గర అద్దాల రవికలు తొడుక్కున్న ఆడపిల్లలు లంబాడీ ఆటతో స్వాగతం చెప్పారు. వాళ్లలో ఒకమ్మాయి నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. అడుగు తప్పకుండానే “నమస్తే సార్” అంది. అయిదేళ్లు ఆమెకు తెలుగు చెప్పాను. ఇంట్లో ఆమె మాట్లాడే గోర్ బోలీ మాట ఒక్కటీ ఆ అయిదేళ్లలో నేను అడిగి తెలుసుకోలేదు. వ్యాసంలో మనిషి లేడని విద్యార్థిని తప్పుపట్టిన నోరు ఇదే.

వ్యాసం తిరిగి ఇచ్చేశాను. మళ్లీ వెళ్లి, దుకాణాలు ఎవరివో, అక్కడి పిల్లలు ఏ భాషలో పోట్లాడుకుంటారో చూసి రమ్మన్నాను. మా బడిలో తండాల పిల్లల చేత వాళ్ల అమ్మమ్మల పాటలు తెలుగు లిపిలో రాయిస్తున్నాను. కొన్ని ధ్వనులకు మన అక్షరాలు చాలడం లేదు. నోటుపుస్తకం సగం నిండింది.